లిస్ప్ భాషలో ప్రమేయాల పిలుపులు – ‘ట్రేస్’ చూపేదీ, చూపనిదీ

1958లో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ రూపకల్పన ప్రారంభించిన లిస్ప్ భాషలో, ఒక ప్రమేయం తన్ను తానే పిలుచుకోవడం సర్వసాధారణం. ఆ పిలుపుల క్రమాన్ని తెలియజేసే సాధనం ‘ట్రేస్’.

కామన్ లిస్ప్‌లో ఫ్యాక్టోరియల్ ప్రమేయానికి ట్రేస్ పెట్టి 3 విలువనిస్తే, 3, 2, 1, 0 విలువలతో జరిగిన పిలుపులు వరుసగా అచ్చవుతాయి. పిమ్మట లోపలి పిలుపు మొదలుకొని 1, 1, 2, 6 అనే ఫలితాలు వెలువడతాయి. ఇందుకు మూల ప్రోగ్రామును మార్చనక్కరలేదు. సాధారణంగా ట్రేస్, ప్రమేయం పేరుకు చెందిన నిర్వచనంపై ఒక పొరను చేరుస్తుంది; ఆ పేరు ద్వారా వచ్చే ప్రతి పిలుపూ ఆ పొర గుండానే సాగుతుంది. ‘అన్‌ట్రేస్’ దానిని తొలగిస్తుంది.

పరిమితి కూడా ఇక్కడే ఉన్నది. ప్రమేయం తన్ను తాను పిలుచుకొనే చోట, కంపైలర్ పేరుతో నిమిత్తం లేకుండా నేరుగా అదే కోడ్‌కు వెళ్లడానికి 1994 నాటి ఆన్సీ ప్రమాణం అనుమతిస్తుంది. అట్టి సందర్భంలో 3తో జరిగిన తొలి పిలుపు మాత్రమే కనిపించవచ్చు. కావున ట్రేస్‌లో కనిపించని పిలుపు అసలు జరగలేదని భావించరాదు. ఆ ప్రమేయాన్ని ‘నాట్‌ఇన్‌లైన్’గా ప్రకటించి, తిరిగి కంపైల్ చేసి పరిశీలించిన పిమ్మటనే నిర్ధారణకు రావడం సమంజసం.