నోవై వెళితే రష్యా ఎదురైంది

నోవై అనే ఊరి పేరు మన క్యాంపుల్లో చాలామంది విని ఉండరు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్ నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం 66 వేల మంది ఉన్నారు. చుట్టుపక్కల కార్ల కంపెనీల పుణ్యమా అని మనవాళ్లు, జపాన్‌వాళ్లు ఇక్కడ బాగా చేరారు. వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025 జులైలో తానా 24వ మహాసభలు జరిగింది ఈ ఊళ్లోనే.

ఊరి పేరు వెనుక ఒక కథ చెప్తారు. పాత రోజుల్లో బండ్లు ఆగే చోట "నంబర్ ఆరు" అని రోమన్ అంకెల్లో రాసి ఉంటే, దాన్నే జనం నోవై అని చదివారట. చరిత్ర తెలిసినవాళ్లు దీన్ని ఒప్పుకోరు. రష్యన్ భాషలో మాత్రం "నోవీ" అంటే కొత్త అని అర్థం. ఈ రష్యన్ సంగతి ఎందుకు ఎత్తానంటే, నేను చూడబోయింది అమెరికా, చూసి వచ్చింది మాత్రం సగం రష్యా!

గల్ఫ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో నేను గుమాస్తాను. టైం షీట్లు, లీవు ఫారాలు, కామా రెన్యువల్ కాగితాలు చూడటం నా పని. కోరుట్లలో ఇంటర్ చదివినప్పుడు నా బెంచీలో కూర్చున్న స్నేహితుడు నోవైలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల లీవు శాలరీ టికెట్టుకే పెట్టి, రెండు వారాలు వాడి ఇంటికి పోయాను. జనవరి నెల. బయట మోకాలి లోతు మంచు. కారు లేకుంటే కాలు బయటపెట్టలేం. 2022 నవంబర్‌లో ఓక్లాండ్ కౌంటీ జనం ఓటేసి పన్ను కట్టడానికి ఒప్పుకున్న తర్వాతే ఈ ఊరికి స్మార్ట్ బస్సులు రావడం మొదలైంది. అంత డబ్బున్న ఊరికి అంతకుముందు సిటీ బస్సు లేదంటే నమ్మబుద్ధి కాలేదు.

బీట్‌రూట్ చారు, నల్ల రొట్టె

ఒక ఆదివారం మా వాడు, "మామా, ఇయ్యాల నిన్ను రష్యాకు తీస్కపోత, పా" అన్నాడు. పక్కనే ఉన్న వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్ వైపు పోయాం. 1970ల నుంచి 1990ల వరకు సోవియట్ యూనియన్ వదిలి వచ్చిన యూదు కుటుంబాలు డిట్రాయిట్ చుట్టుపక్కల ఓక్‌పార్క్, వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. వాళ్ల కిరాణా కొట్టు ఒకటి ఉంది. మన క్యాంపు పక్కన కేరళ కొట్టు ఎలాగో, వాళ్లకు అది అలాగ. లోపల మాటలన్నీ రష్యనే. పచ్చళ్ల సీసాలు, ఎండు చేపలు, గసగసాల రొట్టెలు, రంగురంగుల చెక్క బొమ్మలు. ఒక బొమ్మ విప్పితే లోపల ఇంకో బొమ్మ, దాని లోపల మరొకటి.

రష్యా అంటే నాకు చిన్నప్పటి పుస్తకాలు గుర్తు. మాస్కోలో తెలుగులో అచ్చయిన కథల పుస్తకాలు విశాలాంధ్ర కొట్టులో తక్కువ ధరకు దొరికేవి. సమోవార్ అనే మాట వాటిలోనే చదివాను. బొగ్గులతో నీళ్లు మరిగించే ఆ ఇత్తడి పాత్రను ఆ కొట్టులో మొదటిసారి కళ్లారా చూశాను.

కొట్టు వెనుక నాలుగు బల్లలున్నాయి. బోర్ష్ అంటే బీట్‌రూట్, క్యాబేజీ వేసి కాచిన చారు. పైన పుల్లటి మీగడ, సోయకూర వేస్తారు. పెల్మెనీ అంటే పిండి పూరీలో కైమా పెట్టి ఉడకబెట్టిన చిన్న ముద్దలు, మన కజ్జికాయలకు తమ్ముళ్లు. క్వాస్ అనేది రై రొట్టెను పులియబెట్టి చేసే పానీయం. తాగితే ఎండాకాలం మన ఇళ్లలో తాగే పులిసిన అంబలి గుర్తొచ్చింది. టీలోకి చక్కెర బదులు చెంచాడు పండ్ల జామ్ ఇచ్చారు. ఇంటికి చుట్టం వస్తే రొట్టె, ఉప్పు ముందు పెట్టడం వాళ్ల మర్యాద. చెప్పులు గడప దగ్గరే విడుస్తారు. మన పద్ధతే!

గోడ మీద పెద్ద ఫోటో ఉంది. ఎర్ర జెర్సీల్లో ఐదుగురు మంచు హాకీ ఆటగాళ్లు. "వీళ్లెవరు?" అని అడిగితే కొట్టామె, "మావాళ్లు" అని ఒక్క మాటలో చెప్పింది. మిగతా కథ మా వాడు చెప్పాడు. అది వింటుంటే మన క్యాంపు కథే మళ్లీ వింటున్నట్టు అనిపించింది.

వాళ్లదీ క్యాంపు బతుకే

సోవియట్ రోజుల్లో పెద్ద హాకీ ఆటగాళ్లు సైన్యం క్లబ్బు సీఎస్‌కేఏలో ఆడేవారు. పేరుకు ఆఫీసర్లు, బతుకు బ్యారక్స్‌లో. ఏడాదిలో పది నెలలకు పైగా శిక్షణ క్యాంపులోనే ఉండాలి. పెళ్లాం పిల్లలను చూడాలన్నా కోచ్ విక్టర్ తిఖనోవ్ ఒప్పుకోవాలి. పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉండదు. ఒలింపిక్ బంగారు పతకాలు మెడలో ఉన్నా ఇదే పరిస్థితి.

ఇగోర్ లారియొనోవ్ 1988లో "అగన్యోక్" పత్రికకు బహిరంగ లేఖ రాసి ఈ పద్ధతిని కడిగిపారేశాడు. వ్యాచెస్లావ్ ఫెటిసోవ్ అమెరికా పోయి ఆడతానంటే, జీతంలో పెద్ద వాటా సర్కారు సంస్థ తీసుకుని కొద్దిగా నీ చేతికిస్తుందన్నారు. ఏజెంటు కమీషన్ కట్టినవాళ్లకు ఈ లెక్క వివరించక్కర్లేదు. నా చెమట జీతం నాకే రావాలని ఆయన పట్టుబట్టాడు. తోటి ఆటగాళ్లు టీవీలో ఆయన పక్కన నిలబడ్డారు. చివరికి 1989లో ఇద్దరూ పద్ధతి ప్రకారం బయటపడ్డారు.

కుర్రవాడు సెర్గీ ఫెదరోవ్ అంతకాలం ఆగలేదు. 1990లో జట్టుతో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు వచ్చి, హోటల్ నుంచే డిట్రాయిట్ రెడ్ వింగ్స్ క్లబ్బు మనుషులతో విమానం ఎక్కాడు. మన భాషలో చెప్పాలంటే కల్లివెల్లి! వ్లదీమిర్ కాన్‌స్తాంతినోవ్‌కు క్యాన్సర్ అని డాక్టర్ల కాగితాలు చూపించి సైన్యం నుంచి విడిపించారని చెప్తారు. ఆయన 1991లో డిట్రాయిట్ చేరాడు. వ్యాచెస్లావ్ కొజ్లోవ్ ఆ తర్వాతి ఏడాది వచ్చాడు.

వేరే క్లబ్బుల్లో ఉన్న ఫెటిసోవ్, లారియొనోవ్‌లను కూడా కోచ్ స్కాటీ బౌమన్ డిట్రాయిట్‌కే రప్పించాడు. 1995 అక్టోబర్ 27న ఐదుగురూ మొదటిసారి కలిసి మంచు మీదికి దిగారు. మిగతా జట్లు బలం చూపి గుద్దుకుంటూ పోతుంటే, వీళ్లు ఒకరికొకరు అందించుకుంటూ బంతులాటలా ఆడేవారు. "రష్యన్ ఫైవ్" అనే పేరు పడింది. 1997 జూన్ 7న రెడ్ వింగ్స్ 42 ఏళ్ల తర్వాత స్టాన్లీ కప్పు గెలిచింది. ఆ ఆగస్టులో ఫెటిసోవ్, లారియొనోవ్, కొజ్లోవ్ ఆ కప్పును మాస్కో తీసుకుపోయారు. ఏ ఊరి నుంచి బయటపడటానికి అంత కొట్లాడారో, ఆ ఊరి రెడ్ స్క్వేర్‌లోనే కప్పు పట్టుకుని నిలబడ్డారు.

ఆరు రోజుల సంతోషం

అయితే వాళ్లలో ఒకరు మాస్కో పోయే స్థితిలో లేరు. కప్పు గెలిచిన ఆరో రోజు, జూన్ 13న, తాగి బండి నడపకూడదని ఆటగాళ్లు లిమోజిన్ కార్లు మాట్లాడుకున్నారు. ఒక కారు డ్రైవరు లైసెన్సు అప్పటికే సస్పెండై ఉంది. బండి బర్మింగ్‌హామ్ అనే ఊరి దగ్గర చెట్టును గుద్దింది. ఫెటిసోవ్ కోలుకున్నాడు. కాన్‌స్తాంతినోవ్ మెదడుకు దెబ్బ తగిలింది. జట్టుకు మాలిష్ చేసే సెర్గీ మ్నత్సకానోవ్ కూడా జీవితాంతం కుర్చీకే పరిమితమయ్యాడు.

మరుసటి ఏడు జట్టు జెర్సీల మీద "నమ్ముతున్నాం" అని ఇంగ్లీషులోనూ రష్యన్‌లోనూ రాసుకుని ఆడింది. 1998లో మళ్లీ గెలిచింది. కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ కప్పును ముందుగా చక్రాల కుర్చీలో ఉన్న కాన్‌స్తాంతినోవ్ ఒళ్లో పెట్టాడు. ఆ ఏడు ఒక్క ఆట ఆడకపోయినా కప్పు మీద ఆయన పేరు చెక్కారు. ఆయన వేసుకున్న 16 నంబరు జెర్సీ ఆ తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఇది గౌరవం. గౌరవంతో మందులు రావు కదా. రాత్రింబవళ్లు పక్కన మనిషి ఉండాలి. దానికి డబ్బు ఎవరిచ్చారు? మిషిగన్ వాహన బీమా చట్టం ప్రకారం ప్రమాదంలో గాయపడిన మనిషికి జీవితాంతం వైద్యం ఖర్చు బీమా కంపెనీయే పెట్టుకోవాల్సి ఉండేది. 2019లో ఆ చట్టం మార్చారు. 2021 నుంచి చెల్లింపులు తగ్గాయి. కాన్‌స్తాంతినోవ్‌కు సేవలు ఆగిపోయే పరిస్థితి వచ్చిందని 2022లో పత్రికలన్నీ రాశాయి. చట్టం మారకముందు గాయపడినవాళ్లకు ఈ కోతలు వర్తించవని 2023 జులైలో మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోట్లు సంపాదించిన ఆటగాడికి కూడా చివరికి అండగా నిలిచింది ఒక బీమా కాగితం.

మన కాగితాల సంగతి

మిత్రులారా, ఆఫీసులో కాగితాలు చూసేవాడిగా చెప్తున్నాను. రష్యన్ ఫైవ్‌కు ఉన్న పేరు మనకు లేదు. కానీ వాళ్ల చిక్కులు రెండూ మనవే: పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు.

మొదటిదానికి ఇప్పుడు కొంత చట్టం అండ ఉంది. యూఏఈలో కంపెనీ మన పాస్‌పోర్టు పట్టి ఉంచుకోకూడదు. ఖతర్‌లో 2018లో చాలామందికి, 2020లో మిగిలినవారిలో ఎక్కువమందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు. సౌదీలో 2021 మార్చి నుంచి ప్రైవేటు కంపెనీల కార్మికులు యజమానిని అడగకుండానే ఎగ్జిట్ రీ-ఎంట్రీ తీసుకోవచ్చు. ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు మాత్రం ఇది వర్తించదు.

రెండోది ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఇమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వచ్చిన ప్రతి కార్మికుడికీ ఇది ఉండాలి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్నులు అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా 10 లక్షల రూపాయలు వస్తాయి. గడువు దాటితే రెన్యువల్ చేయించుకోవాలి. చాలామంది దీన్ని ఏజెంటు ఇచ్చిన కవరులోనే వదిలేస్తారు. ఇంట్లోవాళ్లకు అలాంటిది ఉందనే తెలియదు.

ఈ శుక్రవారం బట్టలు ఉతుక్కున్నాక పెట్టె తెరిచి ఆ కవరు తీయండి. పాలసీ నంబరు, గడువు తేదీ చూసి, దాని ఫోటో ఇంటికి పంపండి. "ఇది దాచి పెట్టుకో" అని ఒక్క మాట చెప్పండి. అరగంట పని.