ముసుగు వెనుక ఊరు
(ఇగ్బో ప్రజల వేషాల పండుగ)

దసరాకో, సంక్రాంతికో హాస్టల్ ఖాళీ అయ్యే రోజు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. పెట్టెకు తాళం వేసి, బస్టాండుకు పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం. ఊరు చేరితేనే మనకు పండుగ. ఆఫ్రికా ఖండంలోని నైజీరియాలో ఇగ్బో ప్రజలు కూడా ఇలాగే ప్రతి డిసెంబరులో పెద్ద ఎత్తున సొంత ఊళ్ళకు బయలుదేరతారు. లాగోస్ నగరంలో వ్యాపారాలు, ఉద్యోగాలు చేసుకునేవారు ఒనిచా దగ్గర నైజర్ నది దాటి వెళ్ళాలి. 1965లో కట్టిన ఒకే వంతెన మీద పండుగ రోజుల్లో వాహనాలు గంటల తరబడి నిలిచిపోయేవి. 2022 డిసెంబరులో రెండో వంతెనను తాత్కాలికంగా తెరిచింది ఈ పండుగ ప్రయాణికుల కోసమే.

ఊరు చేరినవారి కోసం అక్కడ ఎదురుచూసేవి ముసుగు వేషాలు. ఇగ్బో భాషలో వీటిని 'మ్మన్వు' అంటారు. ఇగ్బోలు ఎక్కువగా నైజీరియా ఆగ్నేయ భాగంలోని అబియా, అనాంబ్రా, ఎబొన్యి, ఎనుగు, ఇమో రాష్ట్రాల్లో ఉంటారు. చనిపోయిన పెద్దలు ఊరి మేలు చూడడానికి తిరిగి వస్తారనీ, చీమల పుట్టల్లోంచి పైకి వస్తారనీ వారి నమ్మకం. అందుకే ముసుగు కట్టుకున్నవాడిని మనిషి అనరు, ఆత్మ అంటారు. అతను గొంతు మార్చి మాట్లాడతాడు. నడకను బట్టి లోపల ఉన్నది ఫలానావాడని గుర్తుపట్టినా పేరు పలకకూడదు. పక్కన 'ఓజా' అనే పిల్లనగ్రోవి, 'ఎక్వె' అనే చెక్క వాద్యం మోగుతూ అడుగులు నడిపిస్తాయి.

ఇది వినోదం మాత్రమే కాదు. పూర్వం రాజులు లేని ఎన్నో ఇగ్బో ఊళ్ళలో తగవులు తీర్చడంలో, తప్పు చేసినవారిని శిక్షించడంలో ముసుగులకు పాత్ర ఉండేది. తీర్పు చెప్పింది ఫలానా ఇంటివాడు కాదు, పెద్దల ఆత్మ. కాబట్టి పగలు మిగలవని భావించేవారు. చినువా అచెబె రాయగా 1958లో వెలువడిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలలో ఇలాంటి తీర్పు సభ ఉంది. ఒకడు నలుగురిలో ముసుగు లాగేసినందుకు ఊరంతా అట్టుడికిపోవడమూ అందులో ఉంది. అఫిక్పో ప్రాంతంలో 'ఒకుంక్పా' అనే ఆట ఉంది. అందులో యువకులు ముసుగులు వేసుకుని, దురాశాపరులైన పెద్దలను అందరి ముందూ పాటలతో ఎగతాళి చేస్తారు. మామూలు రోజుల్లో నోరు విప్పలేని కుర్రాడికి ముసుగు ధైర్యమిస్తుంది.

వేషాలన్నిటిలో పెద్దది 'ఇజెలె'. అనాంబ్రా రాష్ట్రంలో కనిపించే ఈ వేషం సుమారు 4 మీటర్ల ఎత్తుంటుంది. వెదురు చట్రానికి రంగురంగుల గుడ్డలు కట్టి, మనుషుల, జంతువుల బొమ్మలు అమరుస్తారు. దీన్నీ, దీన్ని ఉంచే పందిరినీ సిద్ధం చేయడానికి దాదాపు 100 మంది 6 నెలలు పనిచేస్తారు. మోసేవారిని ఓటు వేసి ఎన్నుకుంటారు. వారు 3 నెలలు విడిగా ఉండి ప్రత్యేక ఆహారం తింటారు. మిగతా వేషాలన్నీ ఆడిన తర్వాతే ఇజెలె వస్తుంది. యునెస్కో 2009లో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంతటి వేడుక ఉన్నచోటికి చూసేవారు రావడం సహజం. 1986లో అప్పటి అనాంబ్రా రాష్ట్ర ప్రభుత్వం ఊరూరి వేషాలను ఎనుగు నగరంలో ఒకచోట చేర్చి మ్మన్వు ఉత్సవం మొదలుపెట్టింది. పర్యాటకులు వస్తే దర్జీకీ, చెక్క ముఖాలు చెక్కేవాడికీ, డ్రైవరుకూ, రోడ్డు పక్కన వండి అమ్ముకునే స్త్రీకీ నాలుగు డబ్బులు దొరుకుతాయి. నగరాల్లో పుట్టిన పిల్లలకు తమ ఊరి ఆట తెలుస్తుంది. ఇవి చిన్న లాభాలు కావు.

అయితే స్టేడియంలోకి రానివి కొన్ని ఉన్నాయి. రాత్రి వేషాలు కంటికి కనిపించవు, చీకట్లో గొంతు మాత్రమే వినిపిస్తుంది. వాటికి టిక్కెట్టు పెట్టేదెలా? ఊళ్ళో ఆటకు ఒక కారణం ఉంటుంది: ఒక పెద్దాయన చనిపోయాడు, లేదా పంట ఇంటికి వచ్చింది. స్టేడియంలో కారణం ప్రేక్షకుడే. మరోవైపు, కొందరు కుర్రాళ్ళు ముసుగు చాటున కొరడాలు పట్టుకుని, రోడ్డుకు అడ్డం నిలబడి డబ్బు వసూలు చేస్తున్నారు. క్రైస్తవంలో చేరిన కుటుంబాలకూ ముసుగు సంఘాలకూ గొడవలు జరిగిన ఊళ్ళూ ఉన్నాయి.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఊరంతటి పండుగ అన్నప్పుడు ఆ ఊరిలో ఎవరెవరు ఉన్నారు? సాధారణంగా ముసుగు రహస్యం మగవారిది. 'అగ్బొఘో మ్మువొ' అనే అందమైన కన్యల వేషాలు కూడా మగవారే వేస్తారు. పాడేది, వండేది, భయపడి పరుగెత్తేది స్త్రీలు. అలాగే 'ఓసు' అనే వర్గం ఉంది. వీరు ఒకప్పుడు దేవతలకు అంకితం చేయబడినవారి సంతతి. మిగతావారు వీరిని అంటరానివారిగా చూసేవారు. 1956లో తూర్పు ప్రాంత శాసనసభ ఈ పద్ధతిని రద్దు చేస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చినా పెళ్ళి సంబంధాల దగ్గర ఆ వివక్ష పూర్తిగా పోలేదు. ఊరికీ వాడకీ మధ్య దూరం తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు. పర్యాటకులకు పంచే రంగుల కాగితాల్లో ఈ సంగతులు ఉండవు. మనం మాత్రం తెలుసుకోవాలి.

అందుకని పర్యాటకం వద్దని మేము అనడం లేదు. ఏది చూపించాలో, ఏది దాచుకోవాలో ఊరే నిర్ణయించుకోవాలి. వచ్చిన డబ్బు ముందుగా వేషం కుట్టినవారికీ, మోసినవారికీ చేరాలి. వెళ్ళినవారు అడిగి ఫోటో తీసుకోవాలి, ముసుగు దగ్గరికి తోసుకుపోకూడదు, లోపల ఎవరని అడగకూడదు.

మన ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ ఆట చూసినా, బోనాల్లో పోతురాజును చూసినా ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో వేషం కట్టే పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. ఆ వేషం ఎందుకు కడతారో, ఎవరు కట్టకూడదంటారో, ఎందుకు కూడదంటారో అడగండి. విన్నది రాసుకుని రండి. వచ్చే సంచికలో అందరం కలిసి చదువుకుందాం.