క్లినికల్ కెమిస్ట్రీ ఫెలోషిప్: మన సీమ పిల్లలకు ఒక మాట

కెమిస్ట్రీలోనో బయోకెమిస్ట్రీలోనో పీహెచ్‌డీ చేసి, అమెరికాలో ఒక పోస్ట్‌డాక్ నుంచి ఇంకో పోస్ట్‌డాక్‌కు మారుతూ ఏళ్లు గడుపుతున్న మనవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆసుపత్రి ల్యాబులోకి ఇంకో దారి ఉందని వాళ్లలో కొందరికి ఎవరూ చెప్పలేదు. అందుకే సంఘం కమిటీవారు దీని గురించి రాయమని అడగగానే ఒప్పుకున్నాను.

ఈ ఫెలోషిప్ సాధారణంగా రెండేళ్లు. కామాక్ అనే కమిషన్ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనో ల్యాబుల్లోనో చేయాలి. సాధారణంగా ఒక్కోచోట ఏటా ఒకటి రెండు సీట్లకు మించి ఉండవు. ఆ తర్వాత అమెరికన్ బోర్డ్ ఆఫ్ క్లినికల్ కెమిస్ట్రీ పరీక్ష నెగ్గితే, ఎండీ లేకపోయినా 1988 నాటి క్లియా అనే ల్యాబుల చట్టం కింద పెద్ద ల్యాబుకు డైరెక్టరయ్యే దారి తెరుచుకుంటుంది. ఎలుకల మీద ఎన్నేళ్లు పరిశోధన చేసినా అది ఈ శిక్షణ కింద లెక్కకు రాదు.

అక్కడ నేర్పేది మిషన్ నడపడం కాదు. అర్ధరాత్రి ఒక రిపోర్టు వస్తుంది: పొటాషియం 9, కాల్షియం 4. ఆ అంకెలు నిజమైతే రోగి గుండె ఆగిపోవాలి. రోగేమో మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. ఊదా మూత గొట్టంలోని రక్తాన్ని ఎవరో వేరే గొట్టంలోకి వంచారన్నమాట. ఆ గొట్టంలో ఉండే పొటాషియం ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తన పొటాషియాన్ని కలుపుతుంది. ఈ జ్ఞానం శ్రీశైలంలోనూ అంతే అవసరం. ఆ పక్కనే సున్నిపెంటలో తీసిన రక్తం సీరం వేరు చేయకుండా ఘాట్ దిగి, దోర్నాల, ఆత్మకూరు దాటి కర్నూలు చేరేసరికి, గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున అందులోని గ్లూకోజు తరిగిపోతుంది. షుగరున్న మనిషికి లేదని చెప్పి పంపేస్తారు.

ఇక అసలు జాగ్రత్త చెప్పాల్సింది కాగితాల దగ్గర. బోర్డు మీ పీహెచ్‌డీతో సరిపెట్టుకోదు, కెమిస్ట్రీలో ఎన్ని క్రెడిట్లు చదివారో లెక్క చూస్తుంది. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో పాత పద్ధతిలో బీజడ్‌సీ చదివినవాళ్ల మార్కుల మెమోలో ఏముంటుంది? ‘కెమిస్ట్రీ పేపర్-1’, పక్కన మార్కులు, అంతే. గంటలుండవు, క్రెడిట్లుండవు. మన రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చింది 2015-16 నుంచే. నేను సబ్జెక్టులవారీ నివేదికకు డబ్బు కట్టినా, విదేశీ పట్టాలను లెక్కగట్టే ఇక్కడి ఒక మూల్యాంకన సంస్థ నా పట్టా అమెరికా పట్టాతో సమానమని మాత్రం రాసి ఊరుకుంది. దాన్ని తిరగరాయించేలోపు ఆ ఏటి ఇంటర్వ్యూలు అయిపోయాయి. అందుకే మీరు చదివిన ఏడాది సిలబస్, థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా, ముద్రతో సహా తెప్పించుకోండి. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు చదివినవాళ్లు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాన్నే అడగాలి. సీలు వేసిన కవరును మీరు విప్పొద్దు, ఇంట్లో ఎవరినీ విప్పనివ్వొద్దు. పీహెచ్‌డీ కోర్సువర్క్ మార్కులు కూడా విడిగా అడిగి తీసుకోండి. ఊళ్లో నాన్నగారినో బావగారినో ఆఫీసుల చుట్టూ తిప్పేముందు ఏ ఏడాది, ఏ సిలబస్ అన్నది స్పష్టంగా రాసి పంపండి.

కాగితం మన ప్రతిభను తక్కువ చేసి చూపడం కొత్తేమీ కాదు. ఖద్దరు కట్టినందుకు యల్లాప్రగడ సుబ్బారావుగారికి మద్రాసులో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆయనే హార్వర్డ్‌లో పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేటుతో నీలం రంగు తేలుతుంది, నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ప్రపంచమంతటా ల్యాబుల్లో తరాలపాటు ఆ పద్ధతి నడిచింది. ఈ శాస్త్రానికి పునాది రాళ్లలో ఒకటి తెలుగువాడు వేసిందని మన పిల్లలకు చెప్పండి. ఇంట్లో తెలుగులోనే చెప్పండి.

ఈ శిక్షణ పూర్తిచేసినవాళ్లు శివరాత్రికి ఊరికి వెళ్లినప్పుడు మల్లన్న దర్శనం అయ్యాక ఒక పూట అక్కడి ల్యాబు టెక్నీషియన్లతో కూర్చోవాలని నా కోరిక. గ్లూకోజుకు బూడిదరంగు మూత గొట్టం ఎందుకో, సీరం ఎప్పుడు వేరు చేయాలో మన మాటలో చెబితే చాలు.

ఇంటర్వ్యూలకు ఏడాది ముందే మొదలుపెట్టండి. మెమోలు, సిలబస్ దగ్గర పెట్టుకుని సంఘం ద్వారా కబురు చేయండి. కూర్చుని ఒక్కో పేపరూ నేనే చూసిపెడతాను.