పదిహేడో ఇంటి అన్నదమ్ములు

మా మెదక్ కాలేజీ స్టాఫు రూములో గోడకు మూలకాల ఆవర్తన పట్టిక వేలాడుతూ ఉంటుంది. ప్రబంధాలు చెప్పుకునే నాకు దానితో పనేమిటని ఏళ్ళ తరబడి దానికి వీపు పెట్టే కూర్చున్నాను. మొన్న నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు కుర్రవాడొకడు తన తాత వంకర కాళ్ళ సంగతి చెప్పి, "క్లోరిన్ కలిపిన నీళ్ళు తాగితే ఏమీ కాదు. ఫ్లోరైడు నీళ్ళకు ఎముకలెందుకు వంగుతాయి సార్? రెండూ ఒకే వరుస గదా!" అన్నాడు. కెమిస్ట్రీ మాష్టారు సెలవు. కుర్చీ ఇటు తిప్పక తప్పింది కాదు.

రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ 1869లో కూర్చిన పట్టిక అది. నిలువు వరుస ఒక్కొక్కటీ ఒక కుటుంబం. పదిహేడో ఇంటివారు ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ మొదలైనవారు. అందరికీ వెలుపల ఏడేసి ఎలక్ట్రానులు; ఎనిమిదోదాని కోసం అందరికీ ఒకటే ఆరాటం. అయితే పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది, దూకుడు తగ్గుతుంది. మొదటి ఇద్దరూ వాయువులు, మూడోవాడు ద్రవం, నాలుగోవాడు ఘనం. క్లోరిన్ బ్రోమిన్‌ను దాని లవణంలోంచి వెళ్ళగొడుతుంది. అయొడిన్‌కు ఆ శక్తి లేదు. ఇక అన్నగారు ఫ్లోరిన్ సంగతి చెప్పనక్కరలేదు. 1886లో ఫ్రాన్సులో మొయిస్సాన్ విడదీసేదాకా ఎవరి చేతికీ చిక్కలేదు.

కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఆ ఒంటి కొలతలోనే ఉంది. మన ఎముకల ఖనిజంలో ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఒకటి పీట వేసుకుని ఉంటుంది. నీళ్ళలోని ఫ్లోరైడు కొలత ఇంచుమించు ఆ జంటంతే. అందుచేత వాళ్ళను లేపి తాను కూర్చుంటుంది. క్లోరైడుకు ఆ పీట ఇరుకు. రోజూ ఉప్పు తింటున్నా మన ఎముకలు వంగకపోవడం అందుకే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు గారపళ్ళు, పిమ్మట కీళ్ళ నొప్పులు, చివరకు వెన్ను బిగుసుకుపోవడం.

ఈ జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. పేరుపడ్డది మాత్రం నల్లగొండ. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే ఉపాయానికి కూడా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. బ్లీచింగు పొడి తమ్ముడు క్లోరిన్ సరుకే! నీళ్ళలో క్రిములను చంపే పని అతనిది. నదుల నీరు ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టులో మొదలైంది గజ్వేలు దగ్గర కోమటిబండలో. అప్పుడది మా మెదక్ జిల్లాయే.

అంతా విని కుర్రవాడు, "మరి తాత ఎముకల్లోంచి దాన్ని వెళ్ళగొట్టేవాడు ఆ వరుసలో లేడా సార్?" అన్నాడు.

పటం వైపు చూశాను. ఫ్లోరిన్ పైన గడి లేదు.