మందుల పేర్లు మీ బిడ్డకు తెలుసా?

వైకల్యం ఉన్న పిల్లలు ఆసుపత్రికి వస్తే జవాబులన్నీ తల్లే చెబుతుంది. ఏ మాత్ర, ఎన్ని పూటలు, ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, అన్నీ అమ్మకే గుర్తు. కాలేజీకో ఉద్యోగానికో వెళ్లాక అమ్మ పక్కన ఉండదు కదా!

అందుకే పదో తరగతి నుంచే నేర్పమని మేము చెబుతాం. మందుల పేర్లు, మోతాదు బిడ్డే నోటుబుక్కులో రాసుకోవాలి. ఫిట్స్ మాత్రలు సొంతంగా మానకూడదు. వీల్‌చైర్‌లో ఉండేవారు అరగంటకోసారైనా ఒత్తిడి తగ్గేలా కదిలి కూర్చోవాలి. రోజూ అద్దంతో పిరుదులు, మడమలు చూసుకోవాలి. స్పర్శ లేనిచోట పుండు పడినా నొప్పి తెలియదు. అది మానడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా చదువో ఉద్యోగమో చెయ్యి జారిపోతుంది.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఒంటి సంగతీ చూడాలి. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్‌కు రోజూ బస్సులో వెళ్లి రాగలరా? అక్కడ వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఉందా? లేదని నీళ్లు తాగడం తగ్గిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది. యూడీఐడీ కార్డు ముందే తీసుకోండి.

చూపు లేదని శ్రీకాంత్ బొల్లాకు ఇంటర్‌లో సైన్సు సీటు ఇవ్వలేదు. ఆయన కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. తన మాట తాను చెప్పుకోవడంతోనే అది మొదలైంది.

ఈసారి ఓపీకి వచ్చినప్పుడు మొదటి ప్రశ్న మీ బిడ్డనే అడుగుతాం. అమ్మా, కాస్త ఓపిక పట్టి జవాబు తననే చెప్పనివ్వండి.