చిన్న కమతము – చిట్టా ఆవర్జాలు

చిన్న కిరాణా దుకాణము నడపుకొను వర్తకుడు సైతము రాత్రి చిట్టా వ్రాయక తలుపు మూయడు. సంవత్సరాంతమున ఆవర్జా తిరుగవేసి లాభనష్టములు తేల్చుకొనును. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో రెండెకరముల మామిడితోపును, కొంత వేరుసెనగ చేనును, రెండు మూడు పాడియావులను గల రైతు చేయునదియు వ్యాపారమే. అతని పెట్టుబడి నేలలో నుండును. అతని సరకు వానకును, తెగులునకును, బేరగానికిని లోబడి యుండును. ఇంతటి చిక్కు వ్యాపారమునకు లెక్కపుస్తకము మాత్రము లేదు, ఉన్నదంతయు జ్ఞాపకముననే. చిన్నరైతునకు ధనసహాయము కావలె ననుటలో మాకు సందేహము లేదు. కాని లెక్కలేని సేద్యమునకు వచ్చిన ధనము నిలువదని మా నిశ్చితాభిప్రాయము.

కమతము చిన్నదికదా, దానికి లెక్క యేల యని కొందరు తలంతురు. చిన్నది గనుకనే లెక్క కావలెను. 2015–16 నాటి వ్యవసాయ గణన ననుసరించి ఆంధ్రప్రదేశమున సగటు కమతము 0.94 హెక్టారు, అనగా రెండున్నర ఎకరములకు లోపు. నూరెకరముల ఆసామి ఒక చేను పోయినను మఱియొక చేనితో నిలద్రొక్కుకొనును. రెండెకరముల వాని కా యవకాశము లేదు.

2025వ సంవత్సరపు మామిడికాలము దీనికి దృష్టాంతము. ఈ ప్రాంతపు తోతాపురి కాయలో అధికభాగము గుజ్జు కర్మాగారములకే పోవును. ఆ యేడు ధర పడిపోగా, రైతునకు కిలోకు 12 రూపాయలు దక్కవలెననియు, అందు 8 రూపాయలు కర్మాగారములవారును, 4 రూపాయలు ప్రభుత్వమును ఇయ్యవలెననియు నిర్ణయమైనది. ఆ 8 రూపాయలైనను చేతి కందుట లేదని రైతులు మొఱపెట్టిరి. ఆ మొఱ న్యాయమైనదే. కాని కిలో కాయ పండించుటకు తనకెంత పడినదో కాగితముపై చూపగల రైతు లెందరు? దుక్కి, ఎరువు, మందు, కోతకూలి, బండి బాడుగ, అప్పుపై వడ్డీ, ఇంటిల్లిపాది పడిన కష్టము – వీని నన్నింటిని కూడి, దిగిన కాయ బరువుచే భాగించినగాని ధర గిట్టినదో లేదో తెలియదు. కొనువానియొద్ద లెక్క యున్నది. అమ్మువానియొద్ద మొఱ మాత్రమే యున్నది. అట్టి బేరము సమానులమధ్య జరుగు బేరము కాదు.

ఋణవిషయమును విచారింతము. చిత్తూరు ఇంకను ఉత్తరార్కాటు జిల్లాలో నుండిన కాలమున, చెన్నరాజధాని రైతుల ఋణబాధను పరిశీలించి ఫ్రెడరిక్ నికల్సను 1895, 1897 సంవత్సరములలో నివేదికల నర్పించెను. జర్మనీ దేశమున రైఫైసను నెలకొల్పినట్టి గ్రామ పరపతి సంఘములే, అనగా ఒకరినొకరు ఎఱిగిన ఇరుగుపొరుగువారు పరస్పరము పూచీపడెడి సంఘములే, తగిన మార్గమని ఆయన తేల్చెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. అర్ధశతాబ్దము దాదాపు గడచిన పిమ్మట, 1951–52లో దేశమంతట జరిగిన గ్రామీణ పరపతి పరిశీలనమున రైతుల అప్పులో సహకార సంఘముల వంతు నూటికి సుమారు 3 మాత్రమే యని తేలినది. చట్టము చేసినంతమాత్రమున రూపాయి రైతు గడప త్రొక్కదని ఇందువలన స్పష్టము.

నేడు మార్గములు పెరిగినవి. 1998లో కిసాను క్రెడిటు కార్డు వచ్చినది. 3 లక్షల రూపాయలవఱకు పంటఋణమునకు నూటికి 7 వంతున వడ్డీ. గడువులోపల తీర్చిన 4 మాత్రమే. 2025 జనవరి 1వ తేదీనుండి 2 లక్షలవఱకు తాకట్టు అక్కఱలేదని రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. లక్షరూపాయలకు ఏడాదివడ్డీ గడువు దాటిన 7,000, దాటకున్న 4,000. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వంతున తెచ్చిన అదే లక్షకు 24,000. ఈ ఇరువదివేల భేదమును రైతు ఎఱుగకపోలేదు. కాని పంటసొమ్ము ఏ నెలలో వచ్చునో, బ్యాంకు గడువు ఏ తేదీన ముగియునో రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసికొననందున గడువు దాటిపోవుచున్నది. పిమ్మట పాతబాకి తీర్చుటకు ఊరివడ్డీ అప్పు. దానిని తీర్చుటకు మరల మరియొకటి.

ఇంకొక పొరపాటు దీనికంటె ప్రమాదకరమైనది. పలమనేరు, కుప్పము ప్రాంతముల మెట్టభూములలో గొట్టపుబావి త్రవ్వించుట పెక్కేండ్లకు గాని ఫలింపని పెట్టుబడి. దానికి దీర్ఘకాలపు ఋణమే తగినది. ఆఱునెలలలో తీర్చవలసిన పంట అప్పును బావిలో పోసిన, నీరు పడినను గడువునకు సొమ్ము రాదు. పడనిచో బావియు అప్పును రెండును మీదబడును. ఏ ఖర్చునకు ఏ కాలపు అప్పో తెలిసికొనుటయే వ్యాపార నిర్వాహకమున మొదటి పాఠము. ఈ పాఠమును రైతునకు నేర్పువా రెవరు? తిరుపతిలో 1961 నుండి వ్యవసాయ కళాశాల యున్నది. గ్రామములలో రైతు సేవాకేంద్రములున్నవి. విత్తనము, ఎరువు, తెగులుమందులతోపాటు ఆదాయవ్యయముల లెక్కయు అచ్చట బోధింపబడవలెను.

ఒంటరి రైతు లెక్క నేర్చినను బేరమున ఒంటరియే. కావున సంఘము కావలెను. 2003లో ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టము ఏర్పడినది. 2020లో కేంద్రప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల స్థాపనకై పథకమును ప్రకటించినది. సంఘమునకు మూడేండ్లలో 18 లక్షల రూపాయలవఱకు నిర్వహణసహాయము. సభ్యుని వాటాధనమునకు సమముగా మనిషికి 2,000 వఱకు, సంఘమునకు 15 లక్షలకు మించకుండ గ్రాంటు. మైదానప్రాంతమున సభ్యులు 300 మందికి తగ్గరాదు. నిర్వహణాధికారికిని, లెక్కలు వ్రాయువానికిని జీతములు ఈ సహాయమునుండియే ఈయవచ్చును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. మూడేండ్లు గడచిన తరువాత ఆ జీతము లెట్లు వచ్చునన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన జిల్లాయే జవాబు చెప్పినది. చిత్తూరు సహకార పాలకేంద్రము నష్టములలో కూరుకొని 2002లో మూతపడినది. చిత్తూరు, గాజులమండ్యము సహకార చక్కెర కర్మాగారములు తరువాతి దశాబ్దమున మూలబడినవి. ఆ పాలు పోసినవారును, ఆ చెఱకు తోలినవారును మన రైతులే. సంఘపు ఆస్తి తమదని వారికి తెలియును. కాని సంఘపు పద్దులను చదివి, మహాసభలో లేచి, నిరుడు లేని నష్టము ఈ యేడు ఎట్లు వచ్చెనని ప్రశ్నించు అలవాటు మనలో పాతుకొనలేదు. తన ఇంటిలెక్క వ్రాయనివాడు సంఘపులెక్కను నిలదీయలేడు. ప్రభుత్వపు గ్రాంటుచే పుట్టిన సంఘము సభ్యుల కాపలా లేనిచో గ్రాంటుతోనే ముగియును.

తుదిమాట మా పాఠకులలోని భూస్వాములకు. మీ పొలములలో పెక్కింటిని కౌలుదార్లు సాగుచేయుచున్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము, భూయజమాని సంతకము చేసిన పదునొకండు నెలల ఒప్పందముపై కౌలుదారునకు కార్డునిచ్చి, అతనికి పంటఋణమును, పంటనష్టపు పరిహారమును అందించుటకై చేయబడినది. దానివలన భూమిపై హక్కు సంక్రమింపదని ఆ చట్టమే చెప్పినది. అయినను భయముచే సంతకము పెట్టనివారు కలరు. సంతకము లేనివానికి బ్యాంకు తలుపు తెఱచుకొనదు. నూటికి రెండురూపాయల గుమ్మమే గతి. ఆ వడ్డీ తుదకు మీ కౌలుబాకిలోనే లోటుగా కనబడును. కావున సంతకము దయ కాదు, మీ లెక్కకును మేలు.

రాబోవు ఏరువాకనాటికైనను ప్రతి రైతు ఇంటను ఒక చిట్టా మొదలిడవలెనని మా కోరిక. చదువుకొన్న కొడుకో కూతురో దానిని వ్రాయగలరు. ప్రభుత్వమును నిధి అడుగుట మన హక్కు. ఆ నిధి ఏమైనదో చెప్పగలుగుట మన బాధ్యత. రెండవది నిర్వహించినవాని నోటనే మొదటిదానికి బలము చేకూరును.