ఇంట్లోవారిపై కుక్క మొరగడం: కారణాలు, సరిదిద్దే పద్ధతులు

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంట్లోవారిపై కుక్క ఎందుకు మొరుగుతుందో వివరించగలుగుతారు.
• సందర్భం, ప్రవర్తన, ఫలితం అనే మూడింటినీ విడదీసి నమోదు చేయగలుగుతారు.
• భయంతో మొరిగే కుక్కకూ, కోరికతో మొరిగే కుక్కకూ వేర్వేరు పద్ధతులు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• పశువైద్యుణ్ణి ఎప్పుడు సంప్రదించాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

కొత్తవారిని చూసి కుక్క మొరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. కాని అదే కుక్క రోజూ కళ్లముందు తిరిగే తాతగారిని చూసో, రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన ఇంటి యజమానిని చూసో మొరిగితే ఇంటిల్లిపాదీ కలవరపడతారు. ‘దీనికి విశ్వాసం లేదు’ అని ఒకరు, ‘మనమీద పెత్తనం చేయాలని చూస్తోంది’ అని మరొకరు తీర్పు చెబుతారు. ఈ రెండు మాటలూ కుక్క ప్రవర్తనను వివరించవు, సరిదిద్దే దారినీ చూపవు.

సమస్యను చిన్నదిగా తీసిపారేయడానికి వీల్లేదు. మొరుగుకు ఉలిక్కిపడి వృద్ధులు జారిపడవచ్చు. హెచ్చరికను అర్థం చేసుకోలేని పసిపిల్లలు కాటుకు గురికావచ్చు. చివరకు విసిగిపోయిన కుటుంబం కుక్కను ఊరి బయట వదిలి రావచ్చు. పెంపుడు జంతువు ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో సరైన కారణం లేకుండా దానిని వదిలివేయడం జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం నేరం.

2. మొరుగు వెనుక ఉన్న కారణాలు

మొరగడం ఒక ప్రతిస్పందన. దానిని కలిగించిన ఉద్దీపన ఏమిటో వెదకడం మన మొదటి పని. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు శబ్దాలను గ్రహిస్తే, కుక్క చెవి సుమారు 45,000 హెర్ట్జ్‌ల వరకు గ్రహిస్తుంది. కాబట్టి మనకు ‘ఏమీ లేకుండానే’ మొరిగినట్లు కనిపించినా, దానికి ఏదో ఒక కారణం ఉండి ఉండవచ్చు. ముఖ్యమైన కారణాలు ఇవి:

(అ) భయం: శరీరం వెనక్కి వాలుతుంది, చెవులు వెనక్కి అణగుతాయి, తోక కాళ్ల మధ్యకు చేరుతుంది. కొన్ని కుక్కలు భయంతోనే ముందుకు దూకి వెనక్కి తగ్గుతుంటాయి.
(ఆ) ఉత్సాహం: శరీరమంతా వదులుగా ఊగుతుంది. బయటినుంచి వచ్చినవారిని చూసి గంతులు వేస్తుంది.
(ఇ) కోరిక: అన్నం తింటున్నవారి ముందో, తలుపు దగ్గరో నిలబడి, ముఖంలోకి చూస్తూ ఆగి ఆగి మొరుగుతుంది.
(ఈ) కాపాడుకోవడం: తిండి గిన్నె, ఎముక, పడుకునే చోటు దగ్గరకు ఎవరైనా వస్తే బిగుసుకుపోయి గుర్రుమంటుంది.
(ఉ) అనారోగ్యం: కీళ్లు, చెవి, పళ్ల నొప్పి ఉన్నా, ముసలితనంలో చూపు, వినికిడి తగ్గినా దగ్గరకు వచ్చినవారిపై మొరగవచ్చు.

తోక ఊపుతోంది కదా, కోపం లేదులే అనుకోవడం పొరపాటు. బిగువుగా పైకెత్తి ఊపే తోక ఉద్రేకానికి గుర్తు కావచ్చు. అందుచేత తోకనొక్కదానినే కాక మొత్తం శరీరాన్ని చూడాలి.

3. భయం ఎలా ఏర్పడుతుంది? మొరుగు ఎలా స్థిరపడుతుంది?

కుక్కపిల్లకు సుమారు 3 వారాల నుంచి 12–14 వారాల వయసు వరకు సాంఘికీకరణకు కీలకమైన కాలం. ఈ కాలంలో వృద్ధులు, పిల్లలు, గడ్డం ఉన్నవారు, హెల్మెట్ పెట్టుకున్నవారు వంటి రకరకాల మనుషులను ప్రశాంతంగా చూడని కుక్కకు, తరువాత వారు వింతగా తోచవచ్చు.

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగాలలో, ఆహారంతో జత కలిసిన శబ్దం వినగానే కుక్కకు లాలాజలం ఊరింది. దీనిని శాస్త్రీయ నిబంధనం అంటాం. భయం కూడా ఇదే విధంగా ఏర్పడుతుంది. ఒకసారి కర్రతో దెబ్బ తిన్న కుక్క కర్రను చూస్తేనే భయపడుతుంది. ఆ పైన చీపురు, గొడుగు వంటి పొడవాటి వస్తువులన్నిటికీ ఆ భయం విస్తరిస్తే, అది సామాన్యీకరణం.

భయం ఏర్పడిన తరువాత మొరుగును నిలబెట్టేది దాని ఫలితం. ప్రవర్తన దాని ఫలితాలను బట్టి బలపడుతుందనీ, బలహీనపడుతుందనీ బి.ఎఫ్. స్కిన్నర్ వివరించిన కార్యసాధక నిబంధనం చెబుతుంది. మొరగగానే భయపెట్టిన మనిషి వెనక్కి తగ్గితే, ఆ ఉపశమనం రుణాత్మక పునర్బలనం. మొరగగానే బిస్కెట్టు దొరికితే అది ధనాత్మక పునర్బలనం. మన దృష్టి కోసం తపించే కుక్కకు తిట్టు కూడా పలకరింపే కావచ్చు.

4. ఒక ఉదాహరణ

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాతగారికి మోకాలి నొప్పి వచ్చి చేతికర్ర పట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆయన కుర్చీలోంచి లేస్తే చాలు, టామీ మొరుగుతోంది. కోడలు నోటుపుస్తకంలో ఇలా రాసింది:

సందర్భం: తాతగారు కర్ర పట్టుకొని లేచారు.
ప్రవర్తన: టామీ వెనక్కి జరిగి, చెవులు అణచి, మొరిగింది.
ఫలితం: తాతగారు మళ్లీ కూర్చున్నారు.

వారం రోజుల నమోదు చూస్తే విషయం తేటతెల్లమైంది. కర్ర లేకుండా కూర్చున్న తాతగారి దగ్గరకు టామీ మామూలుగానే వెళుతోంది. దానికి వింతగా తోచింది తాతగారు కాదు, కదిలే కర్ర. ఆయన తిరిగి కూర్చోవడం మొరుగును బలపరచింది.

5. సరిదిద్దే పద్ధతి

(అ) ముందుగా రక్షణ: శిక్షణ సాగినన్నాళ్లూ తాతగారు లేచే వేళకు కుక్కను మరో గదిలోనో, అడ్డుగేటు వెనుకో ఉంచాలి. దీనివల్ల ఆయనకు భద్రత, కుక్కకు పాత అలవాటు సాధన చేసే అవకాశం లేకపోవడం అనే రెండు ప్రయోజనాలూ సమకూరుతాయి.

(ఆ) క్రమంగా అలవాటు చేయడం: కర్రను దూరంగా, కదలకుండా గోడకు ఆనించాలి. కుక్క దానిని చూసినా మొరగనంత దూరమే సరైన దూరం. కర్ర కనిపించిన వెంటనే ఉప్పుకారం లేని ఉడికించిన కోడిమాంసం ముక్క వేయాలి. కర్ర తీసేయగానే ముక్కలు ఆపాలి. క్రమం ముఖ్యం: ముందు కర్ర, తరువాత ముక్క. ఆ తరువాతి మెట్లు: కర్రను కొద్దిగా కదిలించడం, కూర్చున్న తాతగారి చేతికి ఇవ్వడం, ఆయన లేవడం, ఒక అడుగు వేయడం. ఒక్కో విడత ఐదు నిమిషాలు మించనక్కరలేదు. కుక్క మొరిగినా, ముక్క ముట్టకపోయినా మనం తొందరపడ్డామని అర్థం. ఒక మెట్టు వెనక్కి రావాలి.

తాతగారి చేతిలోని ముక్కతో కుక్కను ఆయన దగ్గరకు రప్పించకూడదు. ఆశకొద్దీ దగ్గరకు వచ్చి, ముక్క అయిపోగానే భయపడి కరవవచ్చు.

(ఇ) కోరికతో మొరిగేటప్పుడు: ఇక్కడ పద్ధతి వేరు. మొరిగినంతసేపు ఏమీ ఇవ్వకుండా, మౌనంగా కూర్చున్న క్షణాన ఇవ్వాలి. మొదట మొరుగు తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఆ దశలో ఒక్కరు జాలిపడి ముద్ద పెట్టినా, ఎక్కువసేపు మొరిగితే దొరుకుతుందని కుక్క నేర్చుకుంటుంది. కాబట్టి ఇంట్లో అందరూ ఒకే మాటమీద ఉండాలి. భయంతో మొరిగే కుక్కను మాత్రం ఇలా పట్టించుకోకుండా వదిలేస్తే ప్రయోజనం లేదు. దాని భయానికి మూలం మన దృష్టి కాదు.

(ఈ) చేయకూడనివి: కొట్టడం, మూతి పట్టి నొక్కడం, గుర్రుమన్నందుకు శిక్షించడం. గుర్రుమనడం హెచ్చరిక. శిక్షతో హెచ్చరిక ఆగిపోవచ్చు, భయం మాత్రం మిగిలిపోతుంది. ఆపై కుక్క హెచ్చరించకుండానే కరిచే ప్రమాదం ఉంది.

6. పశువైద్యుని అవసరం

ఇంతకాలం ప్రశాంతంగా ఉన్న కుక్క అకస్మాత్తుగా మొరగడం మొదలుపెడితే శిక్షణకంటే ముందు వైద్య పరీక్ష జరగాలి. స్వభావం మారడంతోపాటు చొంగ కార్చడం, మింగలేకపోవడం, తూలడం కనిపిస్తే రేబిస్‌ను అనుమానించి, కుక్కను తాకకుండా వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి. పెంపుడు కుక్కే కదా అని కాటును ఉపేక్షించరాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

7. సారాంశం

ఇంట్లోవారిపై మొరగడం అవిశ్వాసానికి గుర్తు కాదు. భయం, ఉత్సాహం, కోరిక, కాపాడుకోవడం, అనారోగ్యం దానికి ముఖ్య కారణాలు. కారణాన్ని బట్టి పద్ధతి మారుతుంది. అందుచేత నమోదు ముందు, శిక్షణ తరువాత. భద్రత మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. తాతగారు తిరిగి కూర్చోవడం ఏ రకమైన పునర్బలనం? ఎందుకు?
2. కర్రకంటే ముందే ముక్క వేస్తే శిక్షణ ఎందుకు దెబ్బతింటుంది?
3. మీకు తెలిసిన ఒక ఇంటి కుక్కను మూడు రోజులు గమనించి సందర్భం, ప్రవర్తన, ఫలితం పట్టిక తయారు చేయండి.